సిగరెట్ ముట్టను, బీరొక్కటే.. నోటి క్యాన్సర్ భయం ఉందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, ఉండేది కూకట్‌పల్లి. సిగరెట్, గుట్కా అలవాటు లేదు. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో కూర్చుంటే రెండు స్ట్రాంగ్ బీర్లు తాగుతాను, విస్కీ జోలికి పోను. నెల రోజులుగా నాలుక పక్కన చిన్న పుండు ఉంది, కారం తగిలితే మంట. బీకాంప్లెక్స్ వాడినా తగ్గలేదు. దీనికీ తాగడానికీ సంబంధం ఉందా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

డాక్టర్ సలహా: ముందు పుండు సంగతి చూడాలండీ, బీరు సంగతి తర్వాత. మామూలు నోటిపూత మహా అయితే రెండు వారాల్లో మానిపోతుంది. మీది నెలైనా అలాగే ఉందంటే ఇంకో షీటు మాత్రలు కొనడం ఆపి, ఈ వారంలోనే డెంటిస్టుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి. అది క్యాన్సరేనని అనడం లేదు, విరిగిన పన్ను అంచు రోజూ గీసుకుపోతున్నా నాలుక మీద ఇలాగే పుండు పడుతుంది. బయాప్సీ, అంటే పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేద్దామంటే మాత్రం వెనకాడకండి, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందనేది వట్టి మాట.

ఇక మీరడిగింది. సంబంధం ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే పొగాకు ఉన్న వరుసలోనే పెట్టింది. ఆల్కహాల్ ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విష రసాయనంగా మారుతుంది, ఈ పని లివర్ దాకా వెళ్లకముందే నోట్లోని బ్యాక్టీరియాతోనే మొదలవుతుంది, ఆ రసాయనమే కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. పొగాకు కూడా తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, మీకు అది లేకపోవడం మంచిదే, అలాగని ముప్పు లేనట్టు కాదు.

బీరు తేలికన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. 8 శాతం ఉన్న 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు సీసాలో 52 ఎం.ఎల్. ఆల్కహాల్ ఉంటుంది, 42.8 శాతం విస్కీలో లెక్కేస్తే దాదాపు నాలుగు స్మాల్ పెగ్గులు. రెండు సీసాలంటే ఎనిమిది, అదీ ఒక్క సిట్టింగ్‌లో! పైగా లేచేటప్పుడు మీఠా పాన్ వేసుకునే అలవాటుంటే అందులో వక్క ఉంటుంది, పొగాకు లేకపోయినా వక్క కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదే.

పుండు సంగతి తేలేదాకా మద్యం పూర్తిగా ఆపండి, ఆ తర్వాతా ఆపేస్తే ముప్పు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ప్రైవేటు ఖర్చు భారమనుకుంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈలోపు మెడలో గడ్డ తగిలినా, నాలుక తిరగడం కష్టమైనా, పుండు నుంచి రక్తం వచ్చినా వారం దాకా కూడా ఆగొద్దు, వెంటనే వెళ్లండి.