అత్తమామలతో ఆర్వీలో బిగ్ సర్

ప్రశ్న: అత్తయ్యగారు, మామయ్యగారు, పిల్లలతో ఆర్వీలో (వంటగది, పడకలు ఉండే పెద్ద బండి) కాలిఫోర్నియా సముద్రతీరంలోని బిగ్ సర్ వెళ్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి? - ఓ పాఠకురాలు, శాన్ హోసే

జవాబు: శాన్ హోసే నుంచి దక్షిణంగానే వెళ్తారు కాబట్టి సముద్రం మీ కుడిపక్కే ఉంటుంది, ఆగడం తేలిక. ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్కులో చోటు 6 నెలల ముందే బుక్ చేసుకోండి. అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు. రైస్ కుక్కర్ నమ్ముకోకండి, గ్యాస్ మీదకి చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. ఫ్రిజ్ తలుపు గొళ్లెం ప్రతిసారీ చూడండి. మేం బిక్స్‌బీ వంతెన దాటాక మలుపులో పెరుగు గిన్నె మా మామయ్యగారి ఒళ్లో పడింది! పంచె పాడైనా నవ్వేశారాయన, అది వేరే సంగతి. కొండచరియలు పడి ఒకటో నంబరు హైవే మూసేస్తుంటారు, బయల్దేరే రోజు కనుక్కోండి. దారి తెరిచుంటే ఇంకా దక్షిణాన ఉన్న పియెద్రాస్ బ్లాంకాస్ తీరం దాకా వెళ్లండి. ఇసుకలో ఎలిఫెంట్ సీల్స్ (భారీ సముద్ర జంతువులు) గుర్రుపెడుతుంటే పిల్లలు కదలరు.