నవ్వించారు సరే, చెట్టు నిలిచిందా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కాలనీలో నివసిస్తున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా సంక్షేమ సంఘం వారు, తుపాను వస్తే కూలుతాయన్న కారణంతో పార్కు వెంబడి ఉన్న నిద్రగన్నేరు, తురాయి చెట్లను మొదలంటా కొట్టించాలని తీర్మానించారు. దానిని విమర్శిస్తూ సంఘం వార్షిక సంచికలో ‘నీడ పీడ విరగడ చేసిన మహనీయులకు అభినందనలు’ అన్న వ్యాసం రాశాను. చదివినవారంతా విరగబడి నవ్వారు. కాని కార్యవర్గంలో అటో ఇటో అని ఊగిసలాడుతున్న ఇద్దరు సభ్యులు ఇప్పుడు కొట్టివేత వైపే గట్టిగా నిలబడ్డారు. నా రాతలో లోపమెక్కడ? విమర్శ అంటే తియ్యగానే ఉండాలా?

జవాబు: మాస్టారూ, మీరు జతచేసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను, రెండుసార్లూ నవ్వాను. అయితే నవ్విన నాకు మీ కార్యవర్గంలో ఓటు లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

‘మహోపకారం చేశారు’ అని మీరు రాసినప్పుడు దానిని తిరగేసి ‘అపకారం’ అని చదువుకోవలసిన పని పాఠకుడి మీద పడుతుంది. చెట్టు వల్ల మేలేనని ముందే నమ్మినవాడు ఆ పనిని సరదాగా చేస్తాడు, చేసి మీతో కలిసి నవ్వుతాడు. ఇంకా తేల్చుకోలేనివాడికి మాత్రం అందులో వాదమేదీ వినిపించదు, తనను బయట నిలబెట్టి నవ్వుకుంటున్న గుంపు ఒకటి కనిపిస్తుంది. ఆ ఇద్దరు సభ్యులూ మీ కారణాలను తూచి అటు వెళ్లారని నేను అనుకోను. నవ్వులపాలైనవారి పక్కన తమ పేరు కూడా ఉండటం వల్ల, ఆ పేరు నిలుపుకోవడానికి వెళ్లి ఉంటారు.

మీ వ్యాసంలో ఎక్కడా కనిపించనిది ఆ తీర్మానం వెనుక ఉన్న భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం దగ్గరే తీరం దాటినప్పుడు, గంటకు 170 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి వీధివీధినా చెట్లు వేళ్లతో సహా పెకలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పలకక గడిపిన కుటుంబాలు విశాఖలో వేలకు వేలు. అటువంటి అనుభవం ఉన్న మనిషి చెట్టును చూసి జంకడం మూర్ఖత్వం కాదు. దానిని మూర్ఖత్వంగా చిత్రించిన మరుక్షణం అతడు మీ తక్కిన వాక్యాలను చదవడం మానేస్తాడు. అందువల్ల నేనైతే ఇలా మొదలుపెట్టేవాణ్ణి: ‘గాలి హోరెత్తినప్పుడల్లా కిటికీలోంచి ఆ నిద్రగన్నేరు వైపు చూసే ఇంటివారిని నేను తప్పుపట్టను. ఆ ఇల్లు నాదైతే నేనూ అలాగే చూసేవాణ్ణి.’ ఈ రెండు వాక్యాలు చదివి మీ కార్యదర్శి ‘అవును, మా బాధ సరిగ్గా ఇదే’ అనగలగాలి. అనలేకపోతే మీరు ఇంకా ఆయన మాట పూర్తిగా వినలేదన్నమాట.

దీనిని తియ్యదనం అనకండి. ‘మీ భయం నిజమైనదే’ అనడం వేరు, ‘మీ తీర్మానం సరైనదే’ అనడం వేరు. మొదటిది ఒప్పుకున్న తరువాత రెండోదానిని నిలదీసే హక్కు పెరుగుతుందే కాని తగ్గదు. భయం ఉన్నది కూలే చెట్టు గురించి కదా, మరి కూలే ప్రమాదం ఉన్నవి ఏవి? ఒరిగినవెన్ని, మాను గుల్లబారినవెన్ని, కాలువల తవ్వకంలో వేళ్లు తెగినవెన్ని? తుపానుల కాలం ముదిరే అక్టోబరుకు ముందే కొమ్మలు పలుచన చేయిస్తే గాలి తాకిడి ఎంతో తగ్గుతుంది కదా? ఇవి అడగండి. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలన్న సంగతిని మాత్రం చివర్లో ఒక్క వాక్యంలో, బెదిరింపు ధ్వనించకుండా చెప్పండి. మొదట్లోనే పెడితే అది విమర్శ కాదు, నోటీసు.

ఇక మీ వ్యంగ్యం సంగతి. దానిని పారేయమని నేను చెప్పడం లేదు, ఎందుకంటే అసలైన వ్యంగ్యాన్ని మీరు ఆఖరి పేరాలో పాతిపెట్టారు. ‘కిందటేడు ఇదే సంఘం పార్కు అందం కోసం చెట్ల మొదళ్లకు ఆనించి సిమెంటు పలకలు పరిపించింది’ అని ఏదో గుర్తొచ్చినట్టుగా రాసి వదిలేశారు. వేళ్లకు నీరూ గాలీ అందకుండా, అవి విస్తరించే వీలు లేకుండా చేసినవారే ఇప్పుడు చెట్టుకు పట్టు లేదంటున్నారన్నమాట! ‘మహనీయులు’ వంటి విశేషణాలన్నీ తీసేసి, ఆ రెండు తీర్మానాలను తేదీలతో సహా పక్కపక్కన అచ్చువేయండి, మీ మాట ఒక్కటీ చేర్చకండి. అప్పుడు నవ్వినా నాలుక కరచుకున్నా సభ్యులే ఆ పని చేసుకుంటారు. పలకలు తీయించడానికి అయ్యే ఖర్చు కూడా కింద రాస్తే మరీ మంచిది.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి చెప్పి ముగిస్తాను. ‘కన్యాశుల్కం’ నాటకం నవ్వించిందని అందరికీ తెలుసు. 1897లో అది అచ్చయినప్పుడు గురజాడ రాసిన పీఠికలో, విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన లెక్క ఉంది: మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు. లెక్క చేతిలో ఉన్న తరువాతే గిరీశం నోరు విప్పాడని నాకు అనిపిస్తుంది. మాస్టారూ, మీ వ్యాసంలో చెట్లు మొత్తం ఎన్నో కూడా లేదు.

ప్రశ్న: గాజువాకలో హాస్టలులో ఉంటూ డిగ్రీ చదువుతున్నాను. మెస్‌లో అన్నం పారేసే జూనియర్లను ఎత్తిపొడుస్తూ గోడపత్రికలో రాయబోతే, మనసు నొచ్చుకుంటారని మిత్రులు వారిస్తున్నారు. మన కవులు దేవుణ్ణే ఎత్తిపొడవలేదా?

జవాబు: పొడిచారు, మీ ఊరి దేవుణ్ణే పొడిచారు. పరసేనలు సింహాచలం మీదికి వచ్చినప్పుడు గోగులపాటి కూర్మనాథ కవి, కదలక మెదలక కూర్చున్నావేమని నరసింహస్వామిని సీసపద్యాలలో దులిపేశాడు. అప్పుడు తుమ్మెదల దండు లేచి ఆ సేనలను తరిమిందని జనశ్రుతి. ‘వైరిహర రంహ! సింహాద్రి నారసింహ!’ అన్నది ఆ పద్యాలున్న శతకానికి మకుటం. శత్రువులను సంహరించే వేగం గలవాడా అని ప్రతి పద్యం చివరా పిలుస్తూనే, ఆ వేగం ఏమైందని పైన నిలదీయడం. ఆ దెప్పులో ఆశ ఉంది, ఆ ఆపదలో కవి కూడా ఉన్నాడు. అన్నిటికీ మించి అతడు తనకన్నా చిన్నవాణ్ణి దెప్పలేదు.

మీరు దెప్పబోయేది నిన్నగాక మొన్న ఇల్లు విడిచి వచ్చిన పిల్లలను. ముందు ఒక వారం వారి పక్కనే కూర్చుని, వారు వదిలేసే ఆ అన్నమే, ఆ పూట వండినదే తిని చూడండి. గోడపత్రికలో రాయవలసింది జూనియర్ల మీదా, మెస్ కాంట్రాక్టరు మీదా అన్నది అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు.