డేటా చెయిన్ మీద వద్దు, తాళం మాత్రం వాళ్ల చేతికివ్వు

చి. శ్రావ్యకి,

ఆశీస్సులు. మీ టీమ్ బ్లాక్‌చెయిన్ మీద, అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా కాపీలుండే ఉమ్మడి రికార్డు మీద, కడుతున్న సోషల్ మీడియా యాప్ గురించి నువ్వు రాసింది చదివాను. జనం డేటా జనం చేతిలోనే ఉండాలన్న నీ పట్టుదల చూస్తే చాలా సంతోషమేసింది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ వ్యవహారంలో, ఒక క్విజ్ యాప్ ద్వారా 8.7 కోట్ల మంది దాకా వివరాలు బయటికి పోయి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది. వాళ్లలో చాలామంది ఆ క్విజ్ యాప్‌ని ముట్టుకోనే లేదు. వాళ్ల స్నేహితులెవరో వాడారు, అంతే.

అందుకే ముందుగా చెబుతున్నా, పోస్టులు, ఫొటోలు, ఫోన్ నంబర్లు బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించకు. అక్కడికి ఎక్కింది ఇక చెరగదు. పదిహేడేళ్లప్పుడు కోపంలో రాసింది పాతికేళ్లకి తీసేయాలనిపిస్తే తీసేసే వీలుండాలి. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా తొలగించమని అడిగే హక్కు ఇచ్చింది. నంబర్లని హాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని గుర్తులుగా మార్చి, పెడతామన్నావు. మొబైల్ నంబరంటే పది అంకెలే కదమ్మా, ఉన్న నంబర్లన్నిటికీ హాష్‌లు కట్టి పోల్చి చూడటం ఇవాళ్టి కంప్యూటర్‌కి పెద్ద పనేం కాదు.

అసలు డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే యూజర్ దగ్గరున్న రహస్య కీ లేనిదే చదవలేనట్టు మార్చి, బయట స్టోరేజీలో ఉంచండి. చెయిన్ మీద ఐడీ, పబ్లిక్ కీ (ఆ రహస్య కీకి జోడీగా అందరికీ చూపగలిగేది), ఇచ్చిన అనుమతి, రద్దు చేసిన అనుమతి చాలు, అవి కూడా అసలు పేర్లు లేకుండా. ఫార్‌కాస్టర్ అనే సోషల్ నెట్‌వర్క్ వాళ్లు కూడా ఐడీల నమోదుని ఆప్టిమిజం అనే బ్లాక్‌చెయిన్ మీద పెట్టి, పోస్టుల్ని దాని బయటే ఉంచారు. అనుమతి రద్దు చేసినా, అప్పటికే ఎవరో కాపీ చేసుకున్నది వెనక్కి రాదు. ఆ మాట అనుమతి అడిగే స్క్రీన్ మీదే తేట తెలుగులో రాయండి.

టోకెన్ల, అంటే చెయిన్ మీద నడిచే డిజిటల్ నాణేల, సంగతి ఇంకా జాగ్రత్త. స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ మీద నడిచే బ్లాగుల సైటు స్టీమిట్ కంపెనీని 2020లో జస్టిన్ సన్ అనే క్రిప్టో వ్యాపారి కొన్నాక ఏమైందో చదువు. టోకెన్లు కొని అమ్ముకునే కొన్ని ఎక్స్ఛేంజీలు తమ దగ్గర జనం దాచుకున్న స్టీమ్ టోకెన్లతోనే ఓట్లేసి, నెట్‌వర్క్ నడిపేవాళ్లని మార్చేశాయి. ఎన్ని టోకెన్లుంటే అంత ఓటు అని పెట్టుకుంటే జరిగేది అదే. అయినా ఆ యూజర్లు నెల తిరక్కుండానే పాత పోస్టులతో సహా హైవ్ అనే కొత్త చెయిన్‌కి వెళ్లిపోగలిగారు. నన్నడిగితే అసలైన అధికారం అదే, నచ్చనప్పుడు అన్నీ సర్దుకుని వెళ్లిపోగలగడం. మీ యాప్‌లో ఆ బటన్ మొదటి రోజు నుంచే పనిచేయాలి.

ఇక ఖాతా తెరిచే ఆ రహస్య కీ పోతే ఎలా? దాన్ని తిరిగి తెచ్చే పన్నెండు ఇంగ్లీషు మాటలు కాగితం మీద రాసి దాచుకోమంటే మీ అమ్మ రాస్తుంది. ఇల్లు మారినప్పుడు ఆ కాగితం ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? తను నమ్మే ముగ్గురిని ముందే ఎంచుకుని, వాళ్లలో ఇద్దరు ఒప్పుకుంటే ఖాతా తిరిగొచ్చేలా చేయండి. ఆ ముగ్గురిలో మీ కంపెనీ మాత్రం ఉండకూడదు.

రికవరీ స్క్రీన్ తయారవగానే నాకు పంపు. ముందు మీ అమ్మ చేత, నువ్వు పక్కన లేకుండా, ఒకసారి వాడించి చూడు.

మీ పెద్దమ్మ