మాంద్యంలో ప్రభుత్వ ఖర్చు, స్వేచ్ఛా వాణిజ్యం: పీజీలో ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: ఎకనామిక్స్, గణితం, స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వం ఖర్చు పెంచాలన్న పాఠం, సరిహద్దులు తెరిచే ఉంచాలన్న పాఠం రెండూ ఆసక్తి కలిగించాయి. ఎం.ఎ.లో పబ్లిక్ ఫైనాన్స్ తీసుకోవాలా, అంతర్జాతీయ వాణిజ్యం తీసుకోవాలా? ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ నా లక్ష్యం. – ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీరు వీటిని రెండు వేర్వేరు దారులుగా చూస్తున్నారు గానీ, మాంద్యం ముంచుకొచ్చినప్పుడు ఆర్థిక మంత్రి బల్లపైకి ఈ రెండూ ఒకే ఫైలులో వస్తాయి. అందువల్ల ఒకదాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకోవద్దన్నదే నా సలహా.

రోడ్లకో, ఉపాధి కూలికో ప్రభుత్వం ఖర్చు చేసే ప్రతి రూపాయిలో కొంత భాగం దిగుమతి సరుకుల కొనుగోలుకు పోతుంది. అప్పు మన ఖజానాకు మిగిలి, ఆర్డర్లు పరాయి దేశపు ఫ్యాక్టరీలకు దక్కుతున్నాయన్న అసంతృప్తి అక్కడే పుడుతుంది. కాలువ నీరు పక్క చేలోకి పోతోందని గట్టు వేసుకునే రైతులాగానే ప్రభుత్వాలూ ఆలోచిస్తాయి. 2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభం నుంచి బయటపడేందుకు 2009 ఫిబ్రవరిలో అమెరికా తెచ్చిన 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టమే ఇందుకు ఉదాహరణ. ఆ నిధులతో చేపట్టే ప్రజా పనులకు వాడే ఇనుము, ఉక్కు, ఇతర తయారీ సరుకులు అమెరికాలోనే తయారై ఉండాలని అందులో నిబంధన పెట్టారు. విమర్శలు రావడంతో, అంతర్జాతీయ ఒప్పందాలకు లోబడి దాన్ని అమలు చేయాలన్న షరతు చేర్చారు. అయితే ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంలో భారత్ సభ్య దేశం కాకపోవడంతో ఆ సడలింపు మనకు అక్కరకు రాలేదు. బెయిలౌట్ సొమ్ము (సంక్షోభంలో ఆదుకునేందుకు ప్రభుత్వం ఇచ్చిన నిధులు) తీసుకున్న సంస్థలు హెచ్‌-1బీ ఉద్యోగులను చేర్చుకోవడంపై రెండేళ్ల పాటు ఆంక్షలు విధించిందీ ఆ చట్టమే. బడ్జెట్ చట్టంలోని ఒక సెక్షన్ తెలుగు ఇంటి ఉద్యోగాన్ని ఎలా తాకుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తోచదు.

దీనికి ముందరి కథ 1930 నాటిది. 1,028 మంది ఆర్థికవేత్తలు వద్దని విజ్ఞప్తి చేసినా, ఆ ఏడాది జూన్‌లో అమెరికా అధ్యక్షుడు హూవర్ దిగుమతి సుంకాలు పెంచే స్మూట్–హాలీ చట్టంపై సంతకం చేశారు. కెనడా వంటి దేశాలు ప్రతిగా తమ సుంకాలు పెంచాయి. ఆ దశాబ్దపు తొలి సంవత్సరాల్లో ప్రపంచ వాణిజ్యం విలువ దాదాపు మూడింట రెండొంతులు పడిపోయింది. పడిపోవడమంతా సుంకాల వల్లేనని మాత్రం పరీక్షలో రాయకండి. ధరలు, గిరాకీ కూలిపోవడం అంతకన్నా పెద్ద కారణాలు. ఈ కాలంపై ఆర్థికవేత్తలు బ్యారీ ఐకెన్‌గ్రీన్, డగ్లస్ ఇర్విన్ చేసిన పరిశోధన మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. కరెన్సీని బంగారానికి ముడివేసి ఉంచుకోవడం వల్ల ఇతర విధానాలు అనుసరించే వీలు కోల్పోయిన దేశాలే సుంకాలను ఎక్కువగా ఆశ్రయించాయని వారు చూపారు. అంటే, మాంద్యాన్ని ఎదుర్కొనే ఇతర సాధనాలు చేతిలో ఉన్న ప్రభుత్వానికి సరిహద్దు మూసుకోవాల్సిన ఒత్తిడి తగ్గుతుంది.

అదే 2008 సంక్షోభాన్ని ఎదుర్కొనేందుకు మన దేశం ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించిన తొలి ప్యాకేజీలో రెండు పాఠాలూ కలిసే కనిపిస్తాయి. ఒకపక్క ఎక్సైజ్ సుంకంలో 4 శాతం పాయింట్ల కోత, 20,000 కోట్ల రూపాయల అదనపు ప్రణాళికా వ్యయం ఉంటే, మరోపక్క వస్త్రాలు, తోలు, సముద్ర ఉత్పత్తుల వంటి ఎగుమతులకు రుణ వడ్డీలో 2 శాతం రాయితీ ఉంది. ఫలితంగా, అంతకు ముందు ఏడాది స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం దగ్గర ఉన్న కేంద్ర ద్రవ్యలోటు 2008-09లో 6 శాతానికి చేరింది. అయితే రైతు రుణమాఫీ, ఆరో వేతన సంఘం సిఫార్సుల భారం కూడా అందులో ఉన్నాయి కనుక లోటునంతా ప్యాకేజీ ఖాతాలో వేయడం సరికాదు. ఇలా విడదీసి చూడగలగడమే ఈ వృత్తిలో అసలు నైపుణ్యం. అందుకు ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక కారణాలను విడదీసి లెక్కగట్టే శాస్త్రం) గట్టిగా రావాలి. గణితం, స్టాటిస్టిక్స్ చదివారు కాబట్టి మీకు అది అనుకూలాంశం.

ఇక పరీక్ష విషయానికొస్తే, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ మీకు ఎంపికే ఇవ్వదు: జనరల్ ఎకనామిక్స్ రెండో పేపర్లో అంతర్జాతీయ ఆర్థికశాస్త్రం, మూడో పేపర్లో పబ్లిక్ ఫైనాన్స్ ఉంటాయి, రెండూ తప్పనిసరి. రాయడానికి ఎకనామిక్స్ లేదా అనుబంధ శాఖలో పీజీ ఉండాలి. ఆ ఒక్క పరీక్షపైనే భారం వేయకుండా రిజర్వు బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగపు గ్రేడ్‌-బి పోస్టులకూ సిద్ధం కండి; పాఠ్యాంశాలు చాలావరకు కలుస్తాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. ఎకనామిక్స్‌ను, వాణిజ్యం వైపు మొగ్గు ఎక్కువైతే ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) ఢిల్లీ, కోల్‌కతా క్యాంపస్‌లలోని ఎం.ఎ.ను పరిశీలించవచ్చు. మీ ఊళ్లో ఐఐఎఫ్‌టీ క్యాంపస్ ఉన్నా, అది ప్రధానంగా మేనేజ్‌మెంట్ కోర్సులకు ఉద్దేశించినది. ఏ విశ్వవిద్యాలయంలో చేరినా, ఐచ్ఛికాల్లో రెండూ తీసుకునే వీలుందో లేదో దరఖాస్తుకు ముందే సిలబస్‌లో చూసుకోండి. రెండింటిలో ఒకటే దొరికితే పబ్లిక్ ఫైనాన్స్ తీసుకుని, వాణిజ్య అంశాన్ని ప్రాజెక్టు పనికి ఎంచుకోండి. 2008 డిసెంబరు ప్యాకేజీలోని వడ్డీ రాయితీ కోస్తా రొయ్యల ఎగుమతులకు ఎంత మేలు చేసిందన్న ప్రశ్న అందుకు బాగా సరిపోతుంది.