చోక్ జోలికి వెళ్లే ముందు

అమ్మాయీ,

మా నాన్నగారి ట్రాప్ తుపాకీని, అదే గాల్లోకి ఎగరేసిన బిళ్లల టార్గెట్లను కొట్టే రెండు గొట్టాల తుపాకీని, నువ్వు బయటికి తీసి కాలుస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే, చోక్, అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు, తీయించడానికి వర్క్‌షాపులో ఇవ్వబోతున్నావని కూడా చెప్పాడు. గుండెలో రాయి పడింది. నా మాట వింటావో వినవో తెలియదు గానీ, రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. తుపాకీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ విప్పి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడు. చాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, 65 మిల్లీమీటర్లదో 70దో కొలిపించి, దానికి తగిన కార్ట్రిడ్జ్‌లే వాడు. ఆ తుపాకీలో స్టీల్ గుళ్లు పెట్టకు. గొట్టం మీద పని చేయించడానికి లైసెన్సు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో, పని తరువాత మళ్లీ ప్రూఫ్ పరీక్ష (గొట్టం పేలుడును తట్టుకుంటుందో లేదో చూసేది) కావాలో అక్కర్లేదో ముందే కనుక్కో.

ఫుల్ చోక్ మరీ బిగుతుగా ఉండి గుళ్లు విచ్చుకోకపోవడం వల్లే టార్గెట్లు తగలకుండా పోతున్నాయని అంటున్నావట. నీ అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఆ తుపాకీ ఫెల్ట్ వాడ్‌ల (తూటాలో పేలుడు పొడికీ గుళ్లకూ మధ్య పెట్టే అడ్డుల) కాలంలో తయారైంది. గుళ్లను గిన్నెలా పట్టి ఉంచే ప్లాస్టిక్ వాడ్‌లు 1960ల్లో వచ్చాయి. వాటితో గుళ్లు గొట్టానికి రాసుకుని నలగడం తగ్గింది కాబట్టి, అదే చోక్ ఇప్పుడు గుళ్లను మరింత దగ్గరగా విసురుతుంది. అయితే దానికి పరిష్కారం కోతే కానక్కర్లేదు కదా! ఫైబర్ వాడ్ ఉన్న కార్ట్రిడ్జ్‌లు ఒక పెట్టె తెచ్చి కాల్చి చూడు. చాలా తుపాకుల్లో గుళ్ల గుంపు ఆ మాత్రానికే విచ్చుకుంటుంది. నచ్చకపోతే పోయేది ఒక పెట్టె.

ఇంతకీ గుళ్లు ఎలా పరుచుకుంటున్నాయో తెలియడానికి కాగితం మీద కాల్చి చూశావా? చూడలేదని నాకు తెలుసు. చూసి ఉంటే మీ నాన్న ఆ అంకెలన్నీ అప్పజెప్పేవాడు.

నాతో పాటు కాల్చే మిత్రుడొకరు ఉండేవారు. పేరు వద్దులే. చెయ్యి మంచిదే, ఓపిక మాత్రం లేదు. ఆయనదీ ఇలాంటి పాత తుపాకీయే, గొట్టం మీద గొట్టం, రెండూ ఫుల్ చోక్. వరసగా టార్గెట్లు పోతుంటే మొదటి గొట్టాన్ని మోడిఫైడ్, అంటే ఫుల్ కన్నా వదులు, చేయించుకుందామనుకున్నారు. చోక్ అంటే గొట్టం లోపలి వ్యాసానికీ మూతి దగ్గరి వ్యాసానికీ ఉన్న తేడా. 12 బోరు (ఈ తుపాకుల సైజు) గొట్టంలో ఫుల్ చోక్‌కు ఆ తేడా సుమారు 0.9 నుంచి 1 మిల్లీమీటరు, మోడిఫైడ్‌కు 0.5, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 0.25. వర్క్‌షాపు మనిషి 12 బోరు అంటే 18.5 మిల్లీమీటర్లే అనుకుని, మూతిని 18.0కు తొలిచి ఇచ్చాడు. గొట్టం లోపల గేజ్ పెట్టి చూడనే లేదు. పాత తుపాకుల్లో బోరు పుస్తకంలో ఉన్నట్టే ఉండాలని ఏముంది? ఆ గొట్టం అసలు వ్యాసం 18.2. అర మిల్లీమీటరు ఉండాల్సిన చోట మిగిలింది 0.2! అడిగింది మోడిఫైడ్, వచ్చింది ఇంప్రూవ్డ్ సిలిండర్ కూడా కానిది.

కాల్చడం మొదలుపెట్టాక టార్గెట్ మీద దుమ్ము లేచేది, ముక్క మాత్రం రాలేది కాదు. దుమ్ముకు పాయింటు ఇవ్వరని నీకూ తెలుసు. ఒకరోజు రౌండ్ అయ్యాక మైదానంలోకి వెళ్లి, గడ్డిలో పగలకుండా పడి ఉన్న టార్గెట్ ఒకటి ఏరుకొచ్చారు. అంచుకు దగ్గరగా రెండు సన్నని చిల్లులు. ఎండకు ఎత్తి పట్టుకుంటే రెండింట్లోంచీ వెలుతురు వచ్చింది. రెండు గుళ్లు తగిలినా అది లెక్కకు పోయిన టార్గెట్టే. ఆయన ఏమీ అనలేదు, దాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయారు. గుండు చేయించుకుంటే జుట్టు మళ్లీ మొలుస్తుంది గానీ, తీసిన లోహం మొలవదు కదా. మూతికి కాస్త వెనక గొట్టం లోపల పల్లంగా తొలిచి కొంత చోక్ తెప్పించే పద్ధతి ఉంది, కానీ దానికీ ఉన్న గోడనే పలచన చేయాలి. ఆయన గొట్టంలో అంత మందం మిగల్లేదు. ఇంతా చేసి అసలు లోపం చోక్‌లో లేనే లేదు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చెంప స్టాక్ (తుపాకీ చెక్క పిడి) మీద నుంచి లేచిపోయేది. పక్కన నిలబడ్డవాళ్లందరికీ కనిపించేది, ఆయనకు తప్ప.

నీ చెంప లేస్తోందో లేదో నాకు తెలియదు. ముందు ఎవరినైనా పక్కన నిలబెట్టి చూపించుకో.

మరలతో బిగించే చోక్‌లు పెట్టించుకోమని కూడా ఎవరో చెప్పారట. ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. మర కోయాలంటే మూతి దగ్గర గోడ మందం చాలినంత ఉండాలి. పాత గొట్టాలు అక్కడే పలచన. మందం చాలకపోతే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. నీ ముఖం, నీ చెయ్యి ఉండేది ఆ తుపాకీ మీదే తల్లీ.

నాన్నగారు తుడవడం అయ్యాక గొట్టాలు విడదీసి, కిటికీ వైపు పట్టుకుని నన్ను లోపలికి చూడమనేవారు. వెలుగు ఒకదానిలో ఒకటిగా గుండ్రటి వలయాల్లా కనిపించేది. చివర చోక్ మొదలైన చోట వలయం సన్నబడేది. "ఏ వలయమూ వంకర పోలేదు కదా" అని ప్రతిసారీ అడిగేవారు. నువ్వూ ఒకసారి చూడు. మధ్యకు కాకుండా ఒక పక్కకు తొలిస్తే వలయాలు వంకరపోతాయి, గుళ్లు కూడా పక్కకు పడవచ్చు.

ఇప్పుడు పని చెబుతాను. ఒక్కో గొట్టానికి కనీసం ఐదు పెద్ద కాగితాలు. మొదటి గొట్టానికి నువ్వు టార్గెట్ పగలగొట్టే దూరం, అంటే 30 నుంచి 35 మీటర్లలోపు. రెండోదానికి 40. గుళ్లు ఎక్కువ పడ్డ చోటు చుట్టూ 75 సెంటీమీటర్ల వలయం గీసి లెక్కపెట్టు. ఒక కార్ట్రిడ్జ్ విప్పి మొత్తం గుళ్లూ లెక్కించు, శాతం కట్టు. ప్రతి కాగితం మీద గొట్టం, కార్ట్రిడ్జ్, దూరం రాయి. బోరూ, మూతీ, గోడ మందమూ గేజ్‌తో కొలిపించు. ఫోటోలు వద్దు, అంకెలు పంపు.

అవి చూశాక కూడా తీయాల్సిందే అనిపిస్తే, మొదటి గొట్టం ఒక్కటే, అదీ కొంచెం కొంచెంగా, మధ్యమధ్య కాగితం మీద కాల్చి చూస్తూ చేసేవాడి దగ్గరికే. ఆరోజు నేనూ వర్క్‌షాపుకు వస్తాను, కసరను. రెండో గొట్టం సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు.

ప్రేమతో,
అత్తయ్య