క్రాంక్‌షాఫ్ట్: బరువు తగ్గించడమా, బ్యాలెన్స్ నేర్చుకోవడమా?

ప్రశ్న: పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాను. పర్ఫార్మెన్స్ కార్ల ఇంజిన్లంటే చాలా ఇష్టం. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) బరువు తగ్గిస్తే పవర్ పెరుగుతుందని స్నేహితులు అంటున్నారు. బ్యాలెన్స్ తెలియకుండా దాని జోలికి వెళ్లొద్దని మా ఊరి మెషిన్ షాపు మేస్త్రిగారు అంటున్నారు. ఎవరి మాట నిజం? ఈ పని నేర్చుకుంటే ఉపాధి ఉంటుందా?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: మేస్త్రిగారి మాట వినండి. మీ స్నేహితులు చెప్పినదాంట్లోనూ కొంత నిజం ఉంది. ఇంజిన్‌ను డైనమోమీటర్ (పవర్ కొలిచే యంత్రం) మీద 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నిలకడగా నడిపి కొలిస్తే, క్రాంక్ 20 కిలోలున్నా 16 కిలోలున్నా పవర్ దాదాపు ఒకటే. వేగం పెంచుకుంటూ పోయే పరీక్షలో మాత్రం కొంత టార్క్ (తిప్పే బలం) క్రాంక్ వేగాన్ని పెంచడానికే ఖర్చవుతుంది కాబట్టి, తేలిక క్రాంక్‌కు అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది. రోడ్డు మీద ఆ లాభం ముఖ్యంగా కింది గేర్లలో తెలుస్తుంది.

ఎంత బరువు తీశారన్నదానికన్నా ఎక్కడ తీశారన్నది ముఖ్యం. ఇనర్షియా, అంటే వేగం మార్పుకు ఎదురు నిలిచే గుణం, వ్యాసార్థం వర్గాన్ని బట్టి మారుతుంది. మధ్యరేఖకు 80 మి.మీ. దూరంలో తీసిన 100 గ్రాములు, 40 మి.మీ. దూరంలో తీసిన 400 గ్రాములతో సమానం. అందుకే అందరి కన్నూ ముందు కౌంటర్‌వెయిట్ల (క్రాంక్‌పిన్లకు ఎదురుగా ఉండే బరువు దిమ్మెలు) అంచుల మీద పడుతుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

మామూలు నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్ ఇంజిన్నే చూడండి. 1, 4 పిస్టన్లు పైకి వెళ్తుంటే 2, 3 కిందికి వస్తాయి. కౌంటర్‌వెయిట్లన్నిటినీ సమానంగా తరిగేసి బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పినా రీడింగ్ బాగానే వస్తుంది, ఎందుకంటే షాఫ్ట్ మొత్తం మీద బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కానీ 2, 3 క్రాంక్‌పిన్లు (కనెక్టింగ్ రాడ్లు తగిలే భాగాలు) రెండూ ఒకే వైపున, షాఫ్ట్‌ను మోసే మధ్య మెయిన్ బేరింగ్‌కు చెరో పక్కన ఉంటాయి. ఎదురుగా తగినంత కౌంటర్‌వెయిట్ లేకపోతే ఆ రెంటి లాగుడూ ఆ బేరింగ్ మీదికే వస్తుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. షాఫ్ట్ వంగి, ఆయిల్ పొర పలచబడి, చివరికి బేరింగ్ షెల్ అరిగిపోతుంది. మెషిన్ మీద పాసైన క్రాంకే ఇంజిన్‌లో బేరింగ్‌ను తినేస్తుంది. ఈ ఒక్క విషయం మీకు బాగా అర్థమైతే, క్రాంక్‌ను ఎక్కడ తరగకూడదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లుండే వీ8 ఇంజిన్లలో లెక్క వేరు. క్రాస్‌ప్లేన్ క్రాంక్‌లో పిన్లు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఊగుడును అణచడానికి పెద్ద కౌంటర్‌వెయిట్లు తప్పవు, బదులుగా ఇంజిన్ మెత్తగా నడుస్తుంది. ఫ్లాట్‌ప్లేన్ క్రాంక్‌లో పిన్లు 180 డిగ్రీల తేడాతో ఉంటాయి. కౌంటర్‌వెయిట్లు చిన్నవి చాలు, ఇంజిన్ చురుగ్గా వేగం అందుకుంటుంది. ఫోర్డ్ షెల్బీ జీటీ350లోని 5.2 లీటర్ల ఇంజిన్ 8250 ఆర్‌పీఎం వరకు, షెవర్లే కార్వెట్ జడ్06లోని 5.5 లీటర్ల ఇంజిన్ 8600 వరకు వెళ్లడంలో ఈ అమరికకు వాటా ఉంది. అయితే క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో వచ్చే సెకండరీ వణుకు మిగిలిపోతుంది. కౌంటర్‌వెయిట్ ఎంత పెంచినా అది పోదు.

క్రాస్‌ప్లేన్ వీ8 క్రాంక్‌ను మెషిన్ మీద ఒట్టిగా తిప్పకూడదు. క్రాంక్‌పిన్లకు బాబ్‌వెయిట్లు (పిస్టన్, రాడ్ల బదులు పెట్టే తూకం బరువులు) బిగించాలి. ఒక సిలిండర్‌లో పిస్టన్ 420 గ్రాములు, పిస్టన్ పిన్ 120, రింగులు 40, లాకులు 2, కనెక్టింగ్ రాడ్ చిన్న కొస 180 అనుకుంటే పైకీ కిందికీ ఆడే బరువు 762 గ్రాములు. రాడ్ పెద్ద కొస 430, బేరింగ్ 45 కలిపి తిరిగే బరువు 475. ఒక్కో క్రాంక్‌పిన్‌కు రెండు రాడ్లు కాబట్టి తిరిగే బరువు పూర్తిగా 950, ఆడే బరువు రెండు సిలిండర్లదీ కలిపి సగం 762, ఆయిల్‌కు 5. మొత్తం 1717 గ్రాములు. తప్పు ఎక్కువగా రాడ్ తూకంలో దొర్లుతుంది. ఒక కొసను కీలుకు తగిలించి రెండో కొసను తూచేటప్పుడు రాడ్ సమతలంగా లేకపోతే అంకె మారిపోతుంది. రెండు కొసల తూకాలూ కలిపితే మొత్తం రాడ్ బరువు రావాలి. రాకపోతే మళ్లీ తూచాల్సిందే.

బ్యాలెన్సింగ్ కన్నా ముందు ఆయిల్ దారుల్లోని మడ్డి కడగాలి. వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజ్‌తో వంపు చూడాలి, గ్రైండింగ్ పూర్తి చేయాలి. వంగిన క్రాంక్‌కు రంధ్రాలు వేసి బ్యాలెన్స్ తెచ్చి, తర్వాత సరిచేస్తే పడిన శ్రమంతా వృథా. 12 మి.మీ. డ్రిల్‌తో 10 మి.మీ. లోతు వేస్తే ఉక్కులో దాదాపు 9 గ్రాములు పోతుంది. బరువు చేర్చాల్సి వస్తే టంగ్‌స్టన్ ముక్కను షాఫ్ట్‌కు సమాంతరంగా వేసిన రంధ్రంలో దిగగొట్టాలి. బయటి అంచు నుంచి లోపలికి దిగగొడితే తిరిగే వేగానికి అది బయటికి ఎగిరిపోవచ్చు. తర్వాత ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ఒక్కొక్కటిగా బిగించి సరిచూసి గుర్తులు పెట్టాలి. గుర్తు లేకుండా విప్పి మరో కోణంలో బిగిస్తే బ్యాలెన్స్ తప్పుతుంది.

ఇంతా చేసి 40 మి.మీ. వ్యాసార్థంలో 10 గ్రాములు తేడా వదిలేస్తే, 8000 ఆర్‌పీఎంలో అది సుమారు 29 కిలోల బలంతో ప్రతి చుట్టుకూ బేరింగ్‌ను లాగుతుంది.

ఇక ఉపాధి మాట. రేస్ ఇంజిన్లు కట్టే కొలువులు మన దేశంలో కొద్ది, అవీ ఎక్కువగా కోయంబత్తూరు, చెన్నై, పుణె చుట్టూ ఉన్నాయి. దాని మీదే ఆశ పెట్టుకుని చదువు ఆపొద్దు. బ్యాలెన్సింగ్, వైబ్రేషన్ కొలత వచ్చినవారికి మాత్రం దారులు చాలా ఉన్నాయి. క్రాంక్‌లు తయారుచేసే భారత్ ఫోర్జ్ లాంటి కర్మాగారాలు, పుణెలోని ఏఆర్‌ఏఐ (వాహన పరిశోధన సంస్థ) లాంటి పరీక్షా కేంద్రాలు, టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు నడిచే విద్యుత్ కేంద్రాలు, రిఫైనరీలు అన్నిటికీ ఈ పని కావాలి. ఎలక్ట్రిక్ కార్లు పెరిగితే క్రాంక్‌ల పని తగ్గుతుంది, మోటారు రోటర్ల బ్యాలెన్సింగ్ పని ఉంటుంది. 20 కిలోల రోటర్‌ను 8000 ఆర్‌పీఎంకు జీ2.5 అనే బ్యాలెన్స్ నాణ్యత గ్రేడ్‌లో తేవాలంటే మిగలదగిన తేడా మొత్తం సుమారు 60 గ్రాము-మిల్లీమీటర్లే. ఈ లెక్క మీరే చేసి చూసుకోండి.

మీరైతే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ మెకానికల్ రెండో ఏడాదిలో చేరడం మంచిదని నా అభిప్రాయం. ఇంటి పరిస్థితి ఒప్పుకోకపోతే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ ద్వారా ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు వెళ్లండి, క్రాంక్ మెషినింగ్ లైన్ దొరికితే వదలొద్దు. బీటెక్‌లో డైనమిక్స్ ఆఫ్ మెషినరీ, వైబ్రేషన్స్ సబ్జెక్టులను పరీక్ష కోసం కాకుండా చదవండి. ట్రయల్ వెయిట్ (పరీక్షగా పెట్టే చిన్న బరువు) పెట్టి రెండు తలాల్లో రోటర్‌ను బ్యాలెన్స్ చేసే ప్రాజెక్టు ఒకటి సొంతంగా పూర్తి చేయండి. కాలేజీ టీమ్ ఉంటే కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో జరిగే విద్యార్థుల రేస్ కార్ల పోటీ ఫార్ములా భారత్‌కు ఇంజిన్ విభాగంలో చేరండి. ఉద్యోగంలో కుదురుకున్నాక ఐఎస్ఓ 18436-2 ప్రకారం ఇచ్చే వైబ్రేషన్ అనలిస్ట్ సర్టిఫికెట్ మొదటి కేటగిరీతో మొదలుపెట్టొచ్చు. ఈలోగా సెలవుల్లో మేస్త్రిగారి షాపులో మైక్రోమీటర్, బోర్ గేజ్, డయల్ గేజ్ పట్టుకోవడం నేర్పమని అడగండి.