600కు 550 టార్గెట్ పెట్టాక మా అమ్మాయి పుస్తకం తీయడం లేదు, ఏం చేయాలి?

విజయనగరం నుంచి మీరు రాసింది చదివాను. పదో తరగతిలో 600కు 550 రావాలని బడిలో చెప్పినప్పటి నుంచి మీ అమ్మాయి చదువంటేనే ముఖం చాటేస్తోందన్నారు. నరసన్నపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. నాకు తెలిసింది చెబుతాను.

ఒక ఏడాది నేనే తరగతి గోడకు చార్టు అంటించాను. ప్రతి పేరు పక్కన లెక్కల్లో రావలసిన మార్కులు రాశాను: బాగా చదివేవారికి 90, మధ్యస్థంగా ఉన్నవారికి 60, వెనుకబడినవారికి 40. పాసవడానికి 35 చాలు కనుక 40 పెట్టడం మేలే అనుకున్నాను. నెల తిరగకముందే, 40 ఉన్న ఒక అబ్బాయి ఎనిమిది మార్కుల ప్రశ్నలను ముట్టుకోవడం మానేశాడు. ఎందుకు రాయలేదని అడిగితే, "నాకు నలభయ్యే కదా మాస్టారూ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సరూప త్రిభుజాలు వాడికి చక్కగా వచ్చు. నేను రాసిన అంకెనే తన స్థాయి అని నమ్మేశాడు.

90 ఉన్నవాళ్లు తప్పులు దాచడం నేర్చుకున్నారు. సందేహం అడిగితే చులకన అవుతామని నోరు మెదిపేవారు కాదు.

మీ అమ్మాయిది బద్ధకం కాదని గట్టిగా నమ్ముతున్నాను. హిందీలో 75 వస్తే, 550 చేరడానికి మిగిలిన ఐదింటిలోనూ 95 చొప్పున రావాలి. ఈ లెక్క పిల్లలు మనకంటే ముందే వేసుకుంటారు. అందదని తేలిపోయాక పుస్తకం ఎందుకు తెరుస్తారు?

సంక్రాంతి సెలవుల తర్వాత చార్టు తీసేశాను. ఒక్కొక్కరి ముందు వారి జవాబు పత్రమే పెట్టి, "వచ్చే పరీక్షలో ఏ రెండు రకాల లెక్కలు వదలకుండా చేస్తావు?" అని అడిగాను. ఆ అబ్బాయి సరూప త్రిభుజాలు, గ్రాఫు ఎంచుకున్నాడు. పబ్లిక్ పరీక్షలో 58 తెచ్చుకున్నాడు. అందరికీ ఇలా కలిసిరాలేదు, ఇద్దరు తప్పారు కూడా. అయినా ఆ ఇద్దరూ పెద్ద ప్రశ్నలను ఖాళీగా వదిలి రాలేదు.

టార్గెట్ తగ్గించమని మాత్రం బడిలో అడగకండి. "నీ వల్ల కాదు" అన్నట్లే ఆమెకు వినిపిస్తుంది. గత పరీక్ష జవాబు పత్రాలు తీసుకుని, ఆమెకు ఇష్టమైన సబ్జెక్టుతో మొదలుపెట్టండి. మార్కులు ఎక్కడ పోయాయో ఆమె చేతే చెప్పించండి. కొన్నాళ్లు 550 మాట ఇంట్లో ఎవరూ, తాతయ్య, అమ్మమ్మలతో సహా, ఎత్తకుండా చూడండి.